మోటారు కారు అద్దం: చూపుకూ నీడకూ మధ్య నూరేళ్ల చరిత్ర

దసరా పండుగ నాడు ఊరిలోని మోటారు వాహనాలన్నిటికీ స్నానం జరుగుతుంది. ఆయుధపూజలో భాగంగా కారుకు పసుపు కుంకుమలు పెడతారు, బంతిపూల దండ వేస్తారు, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచుతారు. ఈ అలంకారాలు రెండు మూడు రోజులలో వాడి రాలిపోతాయి. కాని కారు అద్దాలపై చేసే అలంకారాలు అట్లు రాలిపోవు. ముందు అద్దం పైభాగాన ఇష్టదైవం పేరు, క్రిందిభాగాన సంఘం గుర్తు, వెనుక అద్దంపై పిల్లల పేర్లు, ప్రక్క అద్దాలకు ఎండ తగలకుండా నల్లని పొర, వీటికి తోడు నడుమ దారంతో వ్రేలాడే బొమ్మ. ఇవన్నీ ఏడాది పొడుగునా కారుతో పాటే ప్రయాణం చేస్తాయి.

ఇందులో తప్పేమున్నది? కారు సొంతదారుడిది, అద్దమూ అతనిదే. అయినప్పటికీ ప్రపంచంలోని అనేక దేశాల ప్రభుత్వాలు ఈ అద్దంపై ఏమి అంటించవచ్చు, ఎక్కడ అంటించవచ్చు, దాని గుండా ఎంత కాంతి రావలె అనే విషయాలను చట్టంలో వ్రాసుకొన్నాయి. మన దేశంలో ఈ సంగతి సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. చేతి రుమాలంత రంగు కాగితం విషయంలో ఇంత పట్టుదల ఎందుకు? దీనికి సమాధానం కావలెనంటే ఆ అద్దం కారులోనికి ఎట్లు వచ్చి చేరిందో ముందుగా తెలుసుకోవలె.

అద్దం లేని కారు

1886లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందాడు. ఆ బండికి పైకప్పు లేదు, ముందు అద్దమూ లేదు. గుర్రపు బండి వేగంతో సాగే వాహనానికి వాటి అవసరం అంతగా కనబడలేదు. తరువాతి ఇరవై ఏళ్లలో ఇంజన్ల బలం పెరిగింది. దుమ్ము, వాన, పురుగులు, ముందు బండి చక్రాలు ఎగజిమ్మిన రాళ్లు నేరుగా ముఖాన్ని తాకసాగాయి. అందువలన ఆనాటి డ్రైవర్లు తోలుకోటు, కళ్లకు గట్టి కళ్లజోడు ధరించేవారు. ప్రతి మనిషికీ విడిగా కళ్లజోడు పెట్టడం కంటె కారుకే ఒక పెద్ద కళ్లజోడు పెట్టడం మేలన్న ఆలోచన నుండి ముందు అద్దం పుట్టింది.

కాని ఆ తొలి అద్దాలు ఇంటి కిటికీలకు వాడే మామూలు గాజు పలకలే. మామూలు గాజు పగిలితే కత్తి వంటి పొడుగాటి పెంకులుగా చీలుతుంది. ప్రమాదంలో ఎదుటి వాహనం చేసే హాని ఒక ఎత్తు, తన కారు అద్దమే చేసే హాని మరొక ఎత్తు అయింది. గాలిని ఆపడానికి పెట్టిన వస్తువే గొంతు కోసే వస్తువుగా మారింది.

పగిలినా విడిపోని గాజు

ఈ చిక్కు విడిపోవడానికి దారి చూపిన సంఘటన ఒక రసాయనశాలలో జరిగింది. ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయనజ్ఞుడు, చిత్రకారుడు కూడా అయినవాడు, 1903లో పనిచేస్తూ ఉండగా ఒక గాజు కుప్పె క్రింద పడింది. అది పగిలింది గాని ముక్కలు చెదరలేదు. కుప్పె ఆకారం చెడకుండా అట్లే నిలిచి ఉన్నది. పరిశీలించగా అందులో అంతకు ముందెన్నడో సెల్యులోజ్ నైట్రేటు ద్రావణం ఉండేదనీ, ద్రవం ఆవిరై పోగా లోపలి గోడకు పలుచని పారదర్శకమైన పొర అంటుకొని ఉన్నదనీ తెలిసింది. గాజు పెంకులను ఆ పొర పట్టి ఉంచింది. కారు ప్రమాదాలలో మనుషులకు గాజు ముక్కలు గ్రుచ్చుకొంటున్న వార్తలు ఆయనకు ఈ కుప్పెను మళ్లీ గుర్తుకు తెచ్చాయి. రెండు గాజు పలకల నడుమ అటువంటి పొరను అతికించి 1909లో ఆయన పేటెంటు తీసుకొన్నాడు. మూడు పొరలు గలది కనుక దానికి ‘ట్రిప్లెక్స్’ అని పేరు వచ్చింది.

ఈ పొరల గాజు మొదట విరివిగా ఉపయోగపడినది కార్లలో కాదు, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు ధరించిన విషవాయు ముసుగుల కళ్లద్దాలలో. యుద్ధం తరువాత అది కార్లకు వచ్చింది. 1927 చివర వెలువడిన ఫోర్డు ‘మోడల్ ఏ’ కారు ముందు అద్దానికి పొరల గాజు అమర్చడంతో అది సామాన్యుల కారులోనికి ప్రవేశించింది. సెల్యులోజ్ నైట్రేటుకు ఒక లోపం ఉండేది. ఎండకు అది పసుపుపచ్చగా మారి, మసకబారేది. 1930ల చివరి భాగంలో పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ దాని స్థానాన్ని ఆక్రమించింది. నేటి కార్ల ముందు అద్దంలో సుమారు రెండేసి మిల్లీమీటర్ల మందం గల రెండు గాజు పలకల నడుమ ముప్పాతిక మిల్లీమీటరు మందాన ఉండేది ఈ ప్లాస్టిక్ పొరే. రాయి తగిలితే అద్దంపై సాలెగూడు వంటి బీట కనబడుతుంది గాని ముక్కలు ఊడిపడవు.

రూపర్టు బొట్లు

ప్రక్క అద్దాల, వెనుక అద్దాల కథ ఇంకా పాతది. కరిగిన గాజు బొట్టును చన్నీళ్లలో పడవేస్తే తోకగల చిన్న గుండు వంటి రూపం ఏర్పడుతుంది. దాని తలపై సుత్తితో కొట్టినా సులభంగా పగలదు. కాని సన్నని తోకను చిదిపితే మొత్తం క్షణంలో పొడి అయిపోతుంది. రూపర్టు అనే రాకుమారుడు ఈ వింత బొట్లను ఇంగ్లండుకు తెచ్చాడు. రెండవ ఛార్లెస్ రాజు 1661లో వాటిని రాయల్ సొసైటీ పండితుల పరీక్షకు పంపాడు. రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన తన ‘మైక్రోగ్రాఫియా’లో కూడా వీటిని చర్చించాడు.

ఇందులోని రహస్యం చల్లబడే వేగంలో ఉన్నది. బొట్టు పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి గాజు తరువాత నెమ్మదిగా చల్లబడి కుంచించుకొనబోతుంది. కాని గట్టిపడిన పైపొర దానిని పూర్తిగా కుంచించుకోనివ్వదు. ఫలితంగా పైపొర ఒత్తిడికీ, లోపలి భాగం సాగుదలకూ లోనై ఉంటాయి. గాజు పగలాలంటే ముందు పైన బీట విచ్చుకోవలె. పైపొర ఒత్తిడిలో ఉన్నంత వరకు బీట సులభంగా విచ్చుకోదు. కాని ఒక్కసారి బీట లోపలి భాగానికి చేరిందా, అక్కడ దాగిన శక్తి అంతా విడుదలై గాజు మొత్తం చిన్న చిన్న మొద్దు ముక్కలైపోతుంది.

ఈ సూత్రాన్ని 1874లో ఫ్రాన్సుకు చెందిన డి లా బాస్టీ అనే ఆయన, వేడి గాజును నూనె తొట్టిలో ముంచి పలకలకు అన్వయించాడు. నేటి కర్మాగారాలలో గాజు పలకను 600 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా కాచి, రెండు వైపుల నుండి చల్లని గాలి ధారలతో హఠాత్తుగా చల్లారుస్తారు. కారు ప్రక్క అద్దం పగిలినప్పుడు రోడ్డుపై పటికబెల్లం ముక్కల వంటి రవ్వలు కనబడడానికి కారణం ఇదే. ఆపద సమయంలో లోపలివారు దీనిని పగులగొట్టి బయటపడగలగడం కూడా దీని సుగుణమే. అందుకే ప్రక్క అద్దానికి మందమైన ప్లాస్టిక్ పొర అంటించేవారు ఒక సంగతి మరువరాదు. పగిలిన రవ్వలను ఆ పొర పట్టి ఉంచుతుంది. దొంగకు అది అడ్డమైనట్లే, నీటిలో పడిన కారు నుండి బయటపడదలచినవారికీ అడ్డమే.

ఒక గులకరాయి, ఒక కన్ను

గాజు మేలు రకం అయినంత మాత్రాన చరిత్ర ముగియలేదు. 1930లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక వ్యక్తి ఫోర్డు కారు కొన్నాడు. ఎంత గట్టి దెబ్బ తగిలినా దాని అద్దం చెదిరి ఎగిరిపడదని కంపెనీ ప్రకటన పత్రాలలో వ్రాసి ఉన్నది. ఎదురుగా పోతున్న కారు చక్రం ఎగజిమ్మిన గులకరాయి తగిలి ఆ అద్దం పగిలింది. గాజు రవ్వలు అతని కంటిలో పడ్డాయి. కారును అమ్మినది మధ్యవర్తి గనుక తమకూ అతనికీ ఒప్పందమే లేదని కంపెనీ వాదించింది. మామూలు మనిషి కంటితో చూచి పరీక్షించలేని గుణాన్ని ప్రకటనలో చెప్పిన తయారీదారుడు ఆ మాటకు బాధ్యత వహించవలెనని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1932లో తీర్పు చెప్పింది.

బాక్స్టర్ వ్యాజ్యంగా న్యాయశాస్త్ర గ్రంథాలకెక్కిన ఈ తీర్పుతో కారు అద్దం వ్యక్తిగత వస్తువు అన్న భావం సడలింది. అద్దం గుణాన్ని కొనుగోలుదారు కొలవలేడు కాబట్టి ఎవరో ఒకరు ప్రమాణాలు నిర్ణయించి కొలవవలె. పగిలే తీరుకు సంబంధించిన ప్రమాణాలతో పాటు, కాంతిని పంపే తీరుకు సంబంధించిన ప్రమాణాలు కూడా క్రమంగా వివిధ దేశాల చట్టాలలో చేరాయి. అమెరికా జాతీయ ప్రమాణం ప్రకారం డ్రైవరు చూపుకు అవసరమైన అద్దాలు తమపై పడిన దృశ్యకాంతిలో కనీసం 70 శాతాన్ని లోపలికి పంపవలె. బ్రిటనులో 1985 ఏప్రిల్ 1 తరువాత రోడ్డెక్కిన కార్లకు ముందు అద్దం విషయంలో 75 శాతం, డ్రైవరు ప్రక్కనున్న అద్దాల విషయంలో 70 శాతం అని నిర్ణయించారు.

ఎండ బాధ, నల్లని పొర

ఈ ప్రమాణాలకు పరీక్ష పెట్టినది ఎండ. సూర్యుని నుండి భూమికి చేరే శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలే. అతినీలలోహిత కిరణాల పాలు స్వల్పం. మిగిలినది దృశ్యకాంతి. గాజు దృశ్యకాంతినీ, సమీప పరారుణ కిరణాలనూ లోనికి రానిస్తుంది. అవి సీట్లను వేడిచేస్తాయి. వేడెక్కిన సీట్లు వెలువరించే దీర్ఘ తరంగాల పరారుణ కిరణాలను మాత్రం గాజు బయటకు పోనివ్వదు. తలుపులు మూసి ఉండడం వలన వేడిగాలి కూడా పైకి లేచి పోలేదు. కారు లోపలి వేడి బయటి కంటె ఎన్నో డిగ్రీలు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఎండలో నిలిపిన కార్లపై అమెరికాలో జరిపి 2005లో ప్రకటించిన కొలతలలో, ఒక గంటలో లోపలి ఉష్ణోగ్రత సగటున 22 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినట్లు, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరిగినట్లు తేలింది.

1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయనజ్ఞులు పాలిఎస్టరు తయారీని కనుగొన్నారు. నీళ్లవలె తేటగా, బట్టవలె గట్టిగా ఉండే పలుచని పొరలను దాని నుండి తీయవచ్చు. 1960లలో ఆ పొరకు లోహపు పూతనో రంగునో చేర్చి కిటికీలకు అంటించే పద్ధతి అమెరికాలో వాడుకలోనికి వచ్చింది. మొదట భవనాలకు వాడిన ఈ ‘సన్ ఫిల్మ్’ తరువాత కార్లకు పాకింది. రాజమండ్రి, విజయవాడ, రామగుండం వేసవిని ఎరిగినవారెవ్వరూ దీనిని విలాసమని కొట్టివేయలేరు.

అయితే ఎండను ఆపడం వేరు, వెలుగును ఆపడం వేరు. పొర నల్లగా ఉన్నంత మాత్రాన వేడి ఎక్కువగా ఆగుతుందనుకోవడం పొరపాటు. నల్లని రంగు ముఖ్యంగా దృశ్యకాంతిని పీల్చి తానే వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంత లోపలికే వస్తుంది. వేడిలో పెద్ద భాగాన్ని మోసుకొని వచ్చే పరారుణ కిరణాలను ఆపగల పొర దాదాపు తేటగా కూడా ఉండవచ్చు. కాబట్టి నలుపు చల్లదనానికి కొలబద్ద కాదు. అది ఎక్కువగా చూపును తగ్గించే కొలబద్ద.

కూడిక కాదు, గుణకారం

పొరల విషయంలో చాలామంది చేసే లెక్క తప్పు. ‘పొర 70 శాతం కాంతిని పంపుతుంది, చట్టం 70 శాతం ఉండవలెనంటుంది, కాబట్టి సరిపోయింది’ అనుకొంటారు. కాని ఏ అద్దమూ నూటికి నూరు పాళ్ల కాంతిని పంపదు. మామూలు తేట గాజు సైతం ఒక్కొక్క ముఖం నుండి సుమారు 4 శాతం కాంతిని వెనుకకు పరావర్తనం చేస్తుంది. అనగా రెండు ముఖాలూ దాటి వచ్చేది 0.96ను 0.96 చేత గుణించగా వచ్చే 0.92 భాగం మాత్రమే. కారు అద్దంలో కొద్దిపాటి రంగు కూడా ఉంటే అది మరింత తగ్గుతుంది.

ఉదాహరణకు ఒక కారు ముందు అద్దం 78 శాతం కాంతిని పంపుతున్నదనుకొందాం. దానికి 70 శాతం పొర అంటిస్తే లోనికి వచ్చేది 0.78ను 0.70 చేత గుణించగా వచ్చే 0.546 భాగం, అనగా 55 శాతం కూడా కాదు. ఆ అద్దం 70 శాతానికి తగ్గకుండా ఉండవలెనంటే పొర దాదాపు 90 శాతం కాంతిని పంపవలె. పోలీసులు వాడే కొలత యంత్రం పొరనూ గాజునూ విడదీసి చూడదు. అద్దానికి ఒక ప్రక్క దీపం, మరొక ప్రక్క కాంతి విద్యుద్ఘటం ఉంచి, రెంటినీ కలిపే కొలుస్తుంది. డ్రైవరు కన్ను చేసేది కూడా అదే పని.

మిట్టమధ్యాహ్నం సగం కాంతి పోయినా కంటికి లోటు తెలియదు. కనుపాప సర్దుకొంటుంది. చిక్కు వచ్చేది మునిమాపు వేళ. అప్పటికే కాంతి కొద్ది, అందులో సగాన్ని పొర మింగితే నల్లకోటు మనిషి, దీపం లేని సైకిలు, రోడ్డు దాటే గేదె ముదురు నేపథ్యంలో కలిసిపోతాయి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట వరకు పడుతుంది. ఎదుటి దీపాల వెలుగు మాటిమాటికీ పడే రోడ్డుపై ఆ అవకాశమే ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. గుర్తించడంలో ఒక్క సెకను ఆలస్యమైతే, బ్రేకు తొక్కక ముందే కారు తరగతి గదికి రెండింతల దూరం పోయి ఉంటుంది.

కాగితపు బిళ్ల నుండి రంగు బొమ్మ వరకు

అద్దంపై కాగితం అంటించే అలవాటును ప్రజలకు నేర్పినది ఒక విధంగా ప్రభుత్వాలే. బ్రిటనులో 1921 జనవరి 1 నుండి, రోడ్డు పన్ను చెల్లించినట్లు చూపే గుండ్రని కాగితపు బిళ్లను వాహనంపై ప్రదర్శించడం తప్పనిసరి అయింది. తొంబదిమూడేళ్ల పాటు సాగిన ఆ పద్ధతి 2014 అక్టోబరు 1న రద్దయింది. అధికారులు కంప్యూటరులోనే పన్ను వివరాలు చూడగలుగుతున్నందున అద్దంపై బిళ్లతో పని లేకపోయింది.

అధికార చిహ్నాల వెంట సొంత చిహ్నాలు వచ్చాయి. చూచిన ఊళ్ల గుర్తులు, చదివిన కళాశాల పేర్లు, ఎన్నికల గుర్తులు అద్దాలకెక్కాయి. 1984లో అమెరికాలో కారులో పసిబిడ్డ ఉన్నదని తెలిపే పసుపుపచ్చని పలక అమ్మకానికి వచ్చి ఒక ప్రవాహమై సాగింది. వెనుక వచ్చేవారు జాగ్రత్తగా నడపవలెనన్నది దాని ఉద్దేశం. కాని అదే పలక కారు నడిపేవారి వెనుక చూపుకు అడ్డమైతే ఆ ఉద్దేశమే దెబ్బతింటుంది.

అందుకే చట్టాలు అంటింపును పూర్తిగా కాదనక, దానికి చోటు చూపాయి. కాలిఫోర్నియా చట్టంలో ముందు అద్దం క్రింది మూలలలో, డ్రైవరుకు దూరపు మూలన 7 అంగుళాల చదరం, దగ్గరి మూలన 5 అంగుళాల చదరం మాత్రమే విడిచిపెట్టారు. బ్రిటనులో వాహనాల వార్షిక పరీక్షలో స్టీరింగు చక్రానికి ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీని ప్రత్యేకంగా చూస్తారు. అందులో 10 మిల్లీమీటర్లకు మించిన బీట గాని అంటింపు గాని ఉండరాదు. మిగిలిన తుడుపు ప్రదేశంలో 40 మిల్లీమీటర్ల వరకు సహిస్తారు. ఈ అంకెల వెనుక ఉన్నది అధికారుల మొండితనం కాదు, జ్యామితి.

గ్రహణం వంటి నీడ

డ్రైవరు కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అద్దంపై 10 సెంటీమీటర్ల వెడల్పు గల బొమ్మ ఉన్నదనుకొందాం. ఒక కన్ను మూసి చూస్తే, 12 మీటర్ల దూరంలో, అనగా ఇరువది రెట్ల దూరంలో, ఆ బొమ్మ 2 మీటర్ల వెడల్పును కప్పివేస్తుంది. సరూప త్రిభుజాలు చదివిన విద్యార్థి ఎవరైనా ఈ లెక్క కట్టగలడు.

మనిషికి రెండు కళ్లున్నాయి, వాటి నడుమ దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. ఒక కంటికి కనబడనిది కొంత మరొక కంటికి కనబడుతుంది. అయినప్పటికీ పై ఉదాహరణలో 12 మీటర్ల వద్ద రెండు కళ్లకూ కనబడని భాగం దాదాపు 76 సెంటీమీటర్లు ఉంటుంది. నిలుచున్న మనిషి గాని ఎదురు వచ్చే సైకిలు గాని అందులో పూర్తిగా దాగిపోగలవు. 24 మీటర్ల వద్ద ఆ చాటు సుమారు ఒకటిన్నర మీటర్లవుతుంది. బొమ్మ వెడల్పు 6 సెంటీమీటర్లే అయితే కథ మారుతుంది. అప్పుడు చాటు దూరంతో పాటు పెరగక, కుంచించుకొనిపోయి 8 మీటర్ల లోపే అంతరిస్తుంది.

ఇది గ్రహణాల పాఠమే. కాంతినిచ్చే వస్తువు కంటె అడ్డుపడే వస్తువు చిన్నదైతే పూర్ణచ్ఛాయ మొనదేలి ముగుస్తుంది, పెద్దదైతే విస్తరిస్తూ పోతుంది. ఇక్కడ రెండు కళ్ల నడుమ దూరమే సూర్యబింబం వెడల్పు, అద్దంపై బొమ్మే చంద్రుడు. కాబట్టి రెండు కళ్ల నడుమ దూరాన్ని మించిన అంటింపు చూపు మార్గంలో ఉంటే అది ఒక శాశ్వత గ్రహణం.

కారు కదులుతున్నందున చాటున ఉన్నది కనబడకపోదు అని వాదించవచ్చు. కాని కారూ, రోడ్డు దాటే మనిషీ నిలకడైన వేగాలతో ఒకే చోటికి ఒకే సమయానికి చేరబోతుంటే, డ్రైవరుకు ఆ మనిషి ఉన్న దిశ మారదు. బొమ్మ చాటున ఉన్నవాడు చివరి వరకు ఆ చాటునే ఉండిపోతాడు. ఢీకొనబోయేవాడే కనబడకుండా ఉండడం ఈ జ్యామితిలోని క్రూరత్వం. వ్రేలాడే బొమ్మకు మరొక దోషం కూడా కలదు. కంటి అంచు చూపు కదలికను త్వరగా పసిగడుతుంది. ఎల్లప్పుడూ ఊగే వస్తువు ఆ శక్తిని వృథా చేస్తుంది.

మన దేశంలో

మన దేశంలో మోటారు వాహనాల చట్టం మొదట 1914లోను, తరువాత 1939లోను, ఇప్పుడు అమలులో ఉన్నది 1988లోను వచ్చాయి. 1988 చట్టం క్రింద చేసిన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో నూరవ నియమం అద్దాలకు సంబంధించినది. కారు అద్దాలన్నీ భద్రతా గాజుతో చేసినవై ఉండవలె. ముందు అద్దం పొరల గాజై ఉండవలె. ముందు, వెనుక అద్దాలు 70 శాతానికి, ప్రక్క అద్దాలు 50 శాతానికి తగ్గకుండా దృశ్యకాంతిని పంపవలె.

నియమం ఉన్నా నల్లని పొరలు దేశమంతటా వ్యాపించాయి. అటువంటి కార్లు నేరాలకు ఆశ్రయమవుతున్నాయని అవిషేక్ గోయెంకా అనే వ్యక్తి ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయగా సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. నియమం గాజుకు కాంతి ప్రమాణం చెప్పినదే గాని దానిపై తరువాత పొర అంటించుకొనమని చెప్పలేదని కోర్టు భావించింది. ఎంత శాతం కాంతిని పంపేదైనా సరే, కారు అద్దాలపై నల్లని పొరను గాని మరే ఇతర పదార్థాన్ని గాని అంటించడాన్ని ఆ సంవత్సరం మే 4 నుండి నిషేధించింది. ఎండ బాధ, చర్మవ్యాధులు వంటి కారణాలు చూపినా, ఒకరి సౌకర్యం కంటె అందరి భద్రత మిన్న అన్న దృష్టినే కోర్టు నిలబెట్టింది. ఆ ప్రమాణాలకు లోబడి కర్మాగారంలోనే రంగు కలిపి చేసిన గాజుకు అభ్యంతరం లేదు.

తరువాత నియమమే కొంత మారింది. 2020లో నూరవ నియమాన్ని సవరించి, భద్రతా గాజుతో పాటు ప్లాస్టిక్ పొర గల భద్రతా ఫలకాలకు కూడా చోటు కల్పించారు. ఆ సవరణ 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పు పాత నియమంపై ఆధారపడినదనీ, క్రొత్త నియమం ప్రకారం నిర్ణీత ప్రమాణాలకు తగిన పొరను అనుమతించవచ్చుననీ కేరళ హైకోర్టు 2024లో అభిప్రాయపడింది. అయితే ముందు వెనుకలకు 70 శాతం, ప్రక్కలకు 50 శాతం అన్న హద్దును ఆ తీర్పు సడలించలేదు. పొర గూర్చిన వాదాలు ఎట్లున్నా, ఈ రెండు అంకెలూ 1989 నుండి నేటి వరకు చెక్కుచెదరలేదు.

కొన్ని అంటింపులు మన చట్టమే కోరుతున్నది. 2019 ఏప్రిల్ 1 తరువాతి క్రొత్త వాహనాలకు ముందు అద్దం లోపలి వైపున వాహనం నమోదు వివరాలు గల రంగుబిళ్ల ఉండవలె. పెట్రోలు కారుకు లేత నీలం, డీజిలు కారుకు నారింజ రంగు. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల సుంకం చెల్లింపుకు ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. దానిని ముందు అద్దం లోపల, నడిమి పైభాగాన, వెనుక దారి చూచే చిన్న అద్దం చాటున అంటిస్తారు. ఆ చోటును ఎన్నుకొన్నందు వలన డ్రైవరు చూపు ఏమీ తగ్గదు. ఫాస్టాగ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. లోహపు పూత గల పొర ఆ తరంగాలను వెనుకకు కొట్టి, సుంకపు గేటు వద్ద కారును నిలిపివేయవచ్చు.

చూపే ప్రమాణం

నల్లని అద్దం లోపలి నుండి బయటకు చూచే చూపునే గాక, బయటి నుండి లోపలికి చూచే చూపును కూడా ఆపుతుంది. వేసవిలో ఆటలాడుతూ కారులో చిక్కుకొని పిల్లలు మరణించిన వార్తలు తెలుగు జిల్లాలలోను వినబడ్డాయి. ప్రక్కగా నడిచిపోయేవారికి లోపలి బిడ్డ కనబడితే ఒక ప్రాణం నిలువవచ్చు. ఎండ కోసం పొర కావలెననుకొనేవారు ఈ సంగతిని కూడా త్రాసులో వేసి చూచుకోవలె.

కారులో కూర్చొని చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. నిలిపి ఉన్న కారులో డ్రైవరు సీటులో ఒకరు కూర్చొని, తల కదపకుండా ముందుకు చూడవలె. మరొకరు కారు ముందు పన్నెండు మీటర్ల దూరంలో ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు నెమ్మదిగా నడవవలె. అతడు మాయమైన చోట్లను నేలపై సుద్దతో గుర్తించి కొలవవలె. అలంకారాలు తీసివేసి మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. పాఠశాల ఆవరణలో ఒక పూటలో ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని చేయించవచ్చు. సరూప త్రిభుజాలు, గ్రహణచ్ఛాయ, రోడ్డు భద్రత అనే మూడు పాఠాలు ఆ సుద్దగీతల నడుమ కనబడతాయి.

దైవనామం వ్రాయదలచినవారికి కారు వెనుక తలుపు రేకు ఉన్నది. పిల్లల పేర్లకు అద్దం క్రింది మూల ఉన్నది. పగిలిన కుప్పె, నీళ్లలో పడిన గాజు బొట్టు, గాజు రవ్వ పడిన ఒక మనిషి కన్ను, ఇన్ని అనుభవాల మీదుగా మనిషి ఆ అద్దాన్ని తేటగా, హాని లేనిదిగా చేసుకొన్నాడు. కారు సొంతదారుడిదే. కాని ఆ అద్దం గుండా కనబడవలసిన ప్రాణం రోడ్డు మీద నడిచే మరొకరిది.